పది కిలోమీటర్లు, ఒంటరిగా: పార్కు టైం ట్రయల్‌కు ఆరు వారాల తయారీ

నా మొదటి టైం ట్రయల్‌లో ఎనిమిది రౌండ్లకు ఏడు తొక్కి దిగిపోయాను. హెల్మెట్ తీసి బాటిల్ ఎత్తానో లేదో, గీత దగ్గర గడియారం పట్టుకున్న తమ్ముడు "అన్నా, ఇంకొక్కటున్నది!" అని కేకేశాడు. మళ్లీ ఎక్కి ఆఖరి రౌండు పూర్తి చేశాను గానీ, అప్పటికే నలభై సెకన్లు నీళ్లలో కలిశాయి. అన్ని సెకన్లు కాళ్ల బలంతో సంపాదించాలంటే నాకు ఏడాదికి తక్కువ పట్టేది కాదు.

హన్మకొండ, వరంగల్, కాజీపేట, కరీంనగర్ వైపు సరదాగా సైకిలు తొక్కేవాళ్లు నలుగురైదుగురు కలిసి "ఒక పార్కులో టైం పెట్టుకుందామా" అనుకునే స్థాయి పోటీ కోసమే ఇది రాస్తున్నాను. లక్షల రూపాయల కార్బన్ సైకిలు ఉన్నవాళ్లకు ఇందులో కొత్తేమీ దొరకదు. హైబ్రిడ్డో, పాత రోడ్ బైకో, గేర్ల ఎంటీబీయో (మౌంటెన్ బైకు) ఉన్నవాళ్లకు పనికొస్తుంది. ఆరు వారాల్లో కాళ్ల బలం పెరిగేది కొద్దిగానే. మలుపు తిరగడం, మొదటి రౌండులో ఒళ్లు అదుపులో పెట్టుకోవడం మాత్రం ఆరు రోజుల్లో వస్తాయి. మనవాళ్లలో చాలామంది బలం వెంట పడి ఈ రెండింటినీ వదిలేస్తారు.

టైం ట్రయల్ అంటే అర నిమిషానికో నిమిషానికో ఒక్కొక్కరు చొప్పున బయల్దేరి గడియారంతో పోటీ పడటం. ముందున్నవాడి వెనక దాక్కుని గాలి తప్పించుకునే వీలుండదు. ఇంగ్లండులో 1895లో ఈ పద్ధతి మొదలవడానికి కారణం కూడా గుంపు పందేలే: రోడ్ల మీద అందరూ కలిసి పరుగులు తీస్తే పోలీసులతో పేచీ వచ్చేది, అందుకే ఒక్కొక్కరినే వదలడం మొదలుపెట్టారు. మనం పార్కును ఎంచుకునేది లారీలకు భయపడి. ఎవరి కారణం వాళ్లది.

లెక్కల కోసం ఈ వ్యాసమంతా ఒక రౌండు 1.2 కిలోమీటర్లు, మొత్తం ఎనిమిది రౌండ్లు, అంటే 9.6 కిలోమీటర్లు అనుకుందాం. మీ పార్కు వేరైతే అంకెలు మార్చుకోండి.

మొదటి పని: రౌండును కొలవండి, తర్వాత నడవండి

ఫోన్‌లోని జీపీఎస్‌ను నమ్మి రౌండు పొడవు తేల్చకండి. చెట్ల కింద, వంకర దారిలో అది మలుపులను కోసేసి తక్కువ చూపిస్తుంది. ముందు చక్రంతో కొలవడమే మేలు. వాల్వును సరిగ్గా నేలవైపు ఉంచి, అక్కడ సుద్దతో గీత గీయండి. సైకిలు మీద కూర్చుని, వాల్వు మళ్లీ కిందికి వచ్చేదాకా ముందుకు జరిపి ఇంకో గీత గీసి, మధ్య దూరం టేపుతో కొలవండి. 700×28 టైరుకు ఇది 2.13 మీటర్లకు అటూఇటూ వస్తుంది. ఆ అంకెను సైకిల్ కంప్యూటర్‌లో పెట్టి రెండుసార్లు రౌండు తిరిగితే నిజమైన పొడవు తెలుస్తుంది.

తర్వాత సైకిలు పక్కన పెట్టి నడవండి. పోటీ జరిగే వేళకే, అంటే పొద్దుగాల ఆరింటికే నడవండి. సాయంత్రం నడిస్తే కనబడనివి అప్పుడు కనబడతాయి. డిసెంబరులో సిమెంటు టైల్స్ మీద మంచు పడి, నీడనున్న చోట పాచి తేలి, సబ్బు రాసినట్టు జారుతుంటుంది. కానుగ చెట్టు కింద రాలిన ఎండు కాయలు సన్నటి టైరును జారేలా చేస్తాయి. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు దారికి అడ్డంగా ఏ గంటకు పడుతుందో తోటమాలిని అడిగి తెలుసుకోండి. గేటు దగ్గర మోటారు సైకిళ్లు రాకుండా పాతిన ఇనుప గుంజల మధ్య మీ హ్యాండిల్ పడుతుందో లేదో చూసుకోండి. ఒక కాగితం మీద రౌండు బొమ్మ గీసి ఇవన్నీ గుర్తు పెట్టుకుంటే చాలు, ఇంతకుమించిన రూటు మ్యాపు అక్కర్లేదు.

నడుస్తున్నప్పుడే ఇంకో సంగతి గమనించండి. రౌండు ఎంత పెద్దదైనా సరే, లోపలి అంచుకు ఒక మీటరు ఎడంగా తొక్కితే రౌండుకు 6.28 మీటర్లు ఎక్కువ తొక్కినట్టే. పైకి నమ్మబుద్ధి కాదు గానీ, బడిలో చదివిన π (22/7) లెక్కే ఇది. ఎనిమిది రౌండ్లకు 50 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో అది ఆరు సెకన్లు. 1989 టూర్ ద ఫ్రాన్స్‌లో మూడు వేల కిలోమీటర్లకు పైగా తొక్కాక గ్రెగ్ లెమాండ్, లారెంట్ ఫిన్యాన్ మధ్య మిగిలిన తేడా 8 సెకన్లే. అదీ ఆఖరి రోజు 24.5 కిలోమీటర్ల టైం ట్రయల్‌లోనే తేలింది. మన పార్కులో ఆరు సెకన్లు ఊరికే పారేసుకోవడం ఎందుకు?

అనుమతి సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పార్కు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌దా, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థదా, ఇంకెవరిదా అన్నది తెలుసుకుని, రాతపూర్వకంగా అడిగి, తేదీ, గంటలు రాయించుకోండి. వాచ్‌మన్ నోటిమాటగా "కానియ్యండి సార్" అంటే సరిపోదు. ఆ రోజు ఆయన డ్యూటీలో ఉండకపోవచ్చు.

సైకిలు: ఖర్చు తక్కువ, పని ఎక్కువ

ముందు టైర్లు. పక్క గోడ మీద గరిష్ఠ ఒత్తిడి అచ్చు వేసి ఉంటుంది. అదే మంచి ఒత్తిడి అనుకుని అంతదాకా కొట్టించడం మనవాళ్లకు అలవాటు. గట్టి టైరు నున్నటి నేల మీద బాగుంటుంది. పార్కు టైల్స్ మీద మాత్రం ఎగిరెగిరి పడి మలుపులో పట్టు తప్పుతుంది. 70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైరులో 85, 28లో 70–75, హైబ్రిడ్ 35లో 55–60, ఎంటీబీ 2.1 టైరులో 35–40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రెండు రెండు మార్చుతూ మీకు కుదిరేది పట్టుకోండి. పంచర్ షాపులో కొట్టించుకుంటే కంప్రెసర్ మీద కన్నేసి ఉంచండి. ఆ మిషన్ లారీలకు అలవాటు పడ్డది. "కాకా, అరవైకే ఆపు" అని ముందే చెప్పకపోతే ట్యూబు ఢామ్మంటుంది. సన్నటి ప్రెస్టా వాల్వుకు షాపు పైపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని సీటు కింద సంచిలో పడేయండి, పది చోట్ల ఆదుకుంటుంది.

పంచర్ల సంగతి వస్తే, చెరువు కట్టల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు, చేల పక్కన పల్లేరు కాయలు మన ప్రాంతపు ప్రత్యేక కానుకలు. వాటి మీద తిరిగిన టైరును పోటీకి వారం ముందు విప్పి, లోపలి వైపు వేలితో నెమ్మదిగా తడిమి చూడండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండి, రోజూ కొంచెం కొంచెం దిగుతూ సరిగ్గా పోటీ రోజున ట్యూబును చేరుకుంటుంది.

తర్వాత చైను. నల్లటి పాత ఇంజనాయిలు పూసే పద్ధతి మానేయండి. అది మన ఎర్రమట్టి దుమ్మును పట్టి చైనును ఆకురాయిలా చేస్తుంది, చైను పళ్ల చక్రాన్ని తినేస్తుంది. కిరసనాయిల్‌తోనో డిగ్రీజర్‌తోనో పాత బ్రష్షు పెట్టి తోమి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చైన్ లూబ్ వేసి, పైన మిగిలింది పాత బనీనుతో తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, బయట కనబడకూడదు. కుట్టు మిషన్ నూనె పర్వాలేదు, రెండు మూడు రోజులకే ఆరిపోతుంది కాబట్టి పోటీకి ముందు రోజు వేసుకోవాలి.

రిమ్ము అటూఇటూ ఊగుతుంటే బెండు తీయించండి. బ్రేకు రబ్బర్లు మార్చాల్సి వస్తే వారం ముందే మార్చండి, కొత్తవి అలవాటయ్యేదాకా కాటు తెలియదు. స్టాండు, గంట, క్యారియర్, మడ్‌గార్డు తీసేయడం మీ ఇష్టం. గంటను మాత్రం నేను తీయను, పార్కులో మనుషులుంటారు.

కూర్చునే తీరు

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి తేలికైన మార్గం: గోడను పట్టుకుని సైకిలెక్కి, మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అట్టడుగుకు తేవాలి. కాలు పూర్తిగా నిటారుగా రావాలి, నడుము పక్కకు వంగకూడదు. తర్వాత మామూలుగా పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావలసింది. లెక్క ఇష్టమైనవాళ్లు చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం బిగించి, నేల నుంచి ఆ పుస్తకం పై అంచు దాకా కొలిచి 0.883తో హెచ్చించండి. 80 సెంటీమీటర్లు వస్తే, పెడల్ కాడలు (క్రాంకులు) తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పై దాకా 70.6 ఉండాలి. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు బహుశా తక్కువుంది, వెనక లాగుతుంటే ఎక్కువుంది. ఒకేసారి అర సెంటీమీటరుకు మించి మార్చకండి. ఐదో వారం దాటాక అసలు ముట్టుకోకండి.

గాలి మాట. నున్నటి దారిలో ఇరవై అయిదు దాటిన తర్వాత మీ కష్టంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం పదో వంతు పెంచాలంటే గాలికి చెల్లించే శక్తి మూడో వంతు పెరగాలి. అందుకే వంగి తొక్కడం వారాల కసరత్తుకు సమానం. మోచేతులు వంచి, భుజాలు దగ్గరికి తెచ్చి, గడ్డం కిందికి దించండి. రోడ్ బైకు ఉన్నవాళ్లు బ్రేకు పిడుల మీదే చేతులుంచి ముంజేతులు నేలకు సమాంతరంగా తేవచ్చు. దీన్ని ముందునుంచీ అలవాటు చేసుకోకపోతే నాలుగో రౌండుకు మెడ పట్టేస్తుంది, కాబట్టి ప్రతి సాధనలోనూ పది నిమిషాలు ఇలా తొక్కండి.

వదులు టీషర్టు జెండాలా రెపరెపలాడితే అది వెనక్కి లాగే తెరచాప. ఒంటికి అతుక్కునే జెర్సీ లేకపోయినా ఫర్వాలేదు, బిగుతు బనీను చాలు. ముందుకు పొడుచుకొచ్చే ఏరో బార్లు పార్కులో వద్దనే నా మాట. చేతులు బ్రేకులకు దూరంగా ఉంటాయి, ఇవతల కుక్కపిల్లో బంతో దారిలోకి దూకుతుంది.

ఆరు వారాలు

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు, గుండె సంగతులున్నవాళ్లు ముందు డాక్టరును కలవండి. ఇరవై నిమిషాలు ఒళ్లు దాచుకోకుండా తొక్కడం గుండెకు చిన్న పని కాదు.

మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు చాలు. రెండు రోజులు గంటసేపు తేలిగ్గా, అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో. ఒక రోజు అదే గంటలో నిమిషం వేగం, రెండు నిమిషాలు నెమ్మది చొప్పున ఐదుసార్లు. ఆదివారం రెండు రెండున్నర గంటల సుదూరం. హసన్‌పర్తి వైపో ధర్మసాగర్ వైపో వెళ్లొచ్చు. తేలిక రోజులను నిజంగానే తేలిగ్గా తొక్కడం మనకు చాలా కష్టం. వెనక నుంచి ఎవడో లూనా మీద దాటిపోతే మన కాలు ఊరుకోదు. ఊరుకోవాలి.

రెండో వారం చివర ఇరవై నిమిషాల పరీక్ష పెట్టుకోండి. ఆగాల్సిన పని లేని సాపు రోడ్డు ఎంచుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఎంత గట్టిగా తొక్కగలరో తొక్కి, సగటు వేగం, ఉంటే సగటు గుండె వేగం రాసుకోండి. మీ పోటీ కూడా దాదాపు ఇరవై నిమిషాలే కాబట్టి మీ లక్ష్యం ఇక్కడే దొరుకుతుంది. పార్కు మలుపుల వల్ల రోడ్డు వేగంలో ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గించుకుని లెక్క వేసుకోండి.

మూడు, నాలుగు వారాలు అసలు పని. మంగళవారం ఎనిమిదేసి నిమిషాలు మూడుసార్లు, మధ్యలో నాలుగు నిమిషాల విరామం. ఈ ఎనిమిది నిమిషాల్లో రెండు మూడు మాటలకు మించి పలకలేకపోవాలి, పదికి ఏడున్నర కష్టం. గురువారం మూడేసి నిమిషాలు ఐదుసార్లు, అంతే విరామం. ఇది పదికి తొమ్మిది, ఆఖరిదానికి కాళ్లు తిట్టుకోవాలి. మొదటిది గొప్పగా తొక్కి చివరిది ఈడ్చుకొస్తే ఆ సాధన చెడినట్టే. ఐదూ ఒకే వేగంలో రావాలి, అవసరమైతే మొదటిది తగ్గించుకోండి. శనివారం మలుపులు. ఆదివారం ఒకటిన్నర గంట తేలిక. పెడల్ నిమిషానికి 85–95 చుట్లు తిరిగే గేరు ఎంచుకోండి. పెద్ద గేరులో మోకాళ్లతో నూకే అలవాటు మనలో చాలామందికి బడి రోజుల అట్లాస్ సైకిల్ నుంచే వచ్చింది, మెల్లగా మానాలి.

ఐదో వారం మంగళవారం పదేసి నిమిషాలు రెండుసార్లు పోటీ వేగంలో, గురువారం పార్కులో నాలుగు రౌండ్ల రిహార్సల్, పోటీనాడు వేసుకునే బట్టలతో, అదే వేళకు. ఆరో వారం అన్నింటినీ సగానికి దించండి. మంగళవారం మూడు నిమిషాలు మూడుసార్లు, గురువారం అరగంటలో అర నిమిషం చొప్పున నాలుగు చిన్న పరుగులు, శుక్రవారం సెలవు, శనివారం ఇరవై నిమిషాలు తిరిగి రావడం. ఈ వారం ఒంట్లో ఓపిక పొంగుతుంటుంది. "ఇంకొక్కసారి చూసుకుందాం" అని మళ్లీ తొక్కి అలసిపోయినవాళ్లను ప్రతిసారీ చూస్తుంటాను.

రోడ్డు మీద సాధనకు మన ప్రాంతపు క్యాలెండరు కూడా చూసుకోవాలి. వానాకాలపు కోతలు, యాసంగి కోతలు రాగానే వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు, కుప్ప చుట్టూ రాళ్లు పేర్చుతారు. తెల్లవారుజాము చీకట్లో ఆ రాయి కనబడదు, ముందు లైటు గట్టిది పెట్టుకోండి. రైతు ధాన్యం మీద నుంచి తొక్కకండి, దిగి నడిపించండి. పత్తి, మిరప సీజనులో ఎనుమాముల మార్కెట్ వైపు రోడ్లు బండ్లతో నిండుతాయి, ఆ నెలల్లో అటు వెళ్లే పని పెట్టుకోకండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వచ్చినప్పుడు ములుగు రోడ్డును పూర్తిగా మర్చిపోండి. ఏప్రిల్, మేలలో పోటీ పెట్టుకోవడమే తప్పు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మనకు దేవుడిచ్చిన పొద్దులు.

మలుపులు

గంటకు 30లో వస్తూ మలుపు దగ్గర 15కు తగ్గారనుకోండి. వేగం సగమైతే సైకిలులో, ఒంట్లో దాగున్న ఊపు పావుకు పడిపోతుంది. అంటే రూపాయిలో ముప్పావలా బ్రేకు రబ్బరుకు ఇచ్చేసి, మలుపు దాటాక మళ్లీ ఆ ముప్పావలా కాళ్లతో సంపాదించాలి. అదే మలుపును 22లో తిరగగలిగితే పోయేది నలభై ఆరు పైసలే. రౌండుకు నాలుగు మలుపులంటే మొత్తం ముప్పై రెండుసార్లు ఈ చెల్లింపు. ఇంత గట్టి లాభం ఏ కసరత్తూ ఇవ్వదు, పైగా ఇది ఉచితం.

నేర్చుకునే పద్ధతి ఇది. ఖాళీగా ఉన్న వేళ ఒకే మలుపును ఎంచుకుని ఇరవైసార్లు తిరగండి. బ్రేకు మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉండగానే వేయాలి. వంగిన తర్వాత బ్రేకు పట్టుకుంటే చక్రం జారుతుంది. గేరు కూడా ముందే తగ్గించుకోండి, లేకపోతే మలుపు దాటాక పెద్ద గేరులో ఎద్దులా లాగాలి. మలుపు లోపలి వైపు పెడల్ పైన, బయటి వైపు పెడల్ కింద ఉండాలి, ఒంటి బరువంతా ఆ కింది పాదం మీద వేయాలి. ఇది మరిచి తొక్కుతూనే వంగితే లోపలి పెడల్ నేలకు గీరుకుని మనిషిని విసిరికొడుతుంది. నా ఎడమ మోచేతి మీద మచ్చ దాని గుర్తే.

చూపు ఎటుంటే సైకిలు అటు వెళుతుంది. గుంతను చూస్తే గుంతలోకే. మలుపు మొదట్లోనే తల తిప్పి, బయటికి వెళ్లే దారి చూడండి. ఇరుకు మలుపులో దారి బయటి అంచు నుంచి మొదలుపెట్టి, నడుమ లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి తేలాలి. అప్పుడు వంపు విశాలమవుతుంది. నిదానంగా వంగే దారిలో మాత్రం ఇదేమీ అక్కర్లేదు, లోపలి అంచును అంటిపెట్టుకోండి, ఆరు సెకన్ల లెక్క గుర్తుందిగా.

ఎదురుగా వాకింగ్ చేసే పెద్దాయన కనబడితే గీత, వంపు అన్నీ మర్చిపోండి. బ్రేకు వేయండి, "బాపూ, సైకిలొస్తున్నది" అని ముందే కేకేయండి. పార్కు వాళ్లది కూడా.

మొదటి రెండు నిమిషాలు

మీ లక్ష్యం గంటకు 29 అనుకుందాం. రౌండుకు 2 నిమిషాల 29 సెకన్లు, మొత్తం 19 నిమిషాల 52 సెకన్లు. నిలబడ్డ చోటు నుంచి వేగం అందుకోవడానికే మూడు నాలుగు సెకన్లు పోతాయి, కాబట్టి మొదటి రౌండు 2:32, 2:33 వస్తే అది సరైన రౌండు. 2:22 వస్తే మీరు గెలవడం లేదు, అప్పు చేస్తున్నారు.

ఈ మోసం ఎందుకు జరుగుతుందంటే, బయల్దేరిన కొత్తలో కాళ్లు తాజాగా ఉంటాయి, చుట్టూ చప్పట్లుంటాయి, ఎంత గట్టిగా తొక్కినా కష్టం తెలియదు. చేతి గడియారంలో గుండె వేగం చూసి అదుపు చేసుకుందామంటే అది రెండు మూడు నిమిషాలు వెనకబడి వస్తుంది. "ఇంకా 140యే ఉంది" అనుకుని తొక్కుతుంటే, అది 175 చేరేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. మూడో రౌండుకు ఊపిరి అందదు, తొడలు రాళ్లవుతాయి, తర్వాతి ఐదు రౌండ్లలో ఒక్కోదానికి ఐదారు సెకన్లు వడ్డీ కట్టాలి. మొదట మిగుల్చుకున్న పది సెకన్లకు చివర ముప్పై పోతాయి.

మొదటి నిమిషం ముక్కుతో గాలి పీల్చగలిగినంత కష్టంలోనే ఉండండి. రెండో రౌండు చివర "ఇది మరీ తేలిగ్గా ఉందే" అనిపించాలి. నాలుగో రౌండులో కష్టంగా, ఆరులో "ఎందుకొచ్చాన్రా" అనిపించాలి. ఏడులో మిగిలింది ఎంతో చూసుకుని, ఎనిమిదిలో అంతా ఖర్చు పెట్టండి. గీత దాటాక నిటారుగా నిలబడి కబుర్లు చెప్పగలిగితే ఎక్కడో దాచుకున్నారన్నమాట.

గాలి ఉన్న రోజు ఇంకొంచెం తెలివి కావాలి. చలికాలం పొద్దుల్లో మనకు ఈశాన్యపు గాలి వీస్తుంది, చెరువు పక్క పార్కులైతే నీళ్ల మీది నుంచి తగులుతుంది. ఎదురుగాలి వైపు కొంచెం ఎక్కువ కష్టపడి, వెనకగాలి వైపు కొంచెం ఊపిరి తీసుకోండి. ఎదురుగాలిలోనే ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి, అక్కడ కలిపిన బలానికే ఎక్కువ సెకన్లు దక్కుతాయి.

తిండి, నిద్ర

ఇరవై నిమిషాల పోటీకి జెల్లులు, పొడులు అనవసరం. ముందు రోజు మామూలుగా తిన్న అన్నం కండరాల్లో నిల్వ ఉంటుంది. రాత్రి అన్నం, పప్పు, పెరుగు చాలు. ఆదివారం పోటీ కదా అని శనివారం రాత్రి దావత్‌కు వెళ్లి బిర్యానీ లాగిస్తే పొద్దున మూడో రౌండులో అది మళ్లీ పలకరిస్తుంది. జొన్నరొట్టె మంచిదే, కానీ పీచు ఎక్కువ కాబట్టి ముందు రోజు మధ్యాహ్నానికి పరిమితం చేయండి.

ఆరున్నరకు స్టార్టు అనుకుంటే ఐదింటికి లేచి రెండు ఇడ్లీలో, ఒక అరటిపండూ నాలుగు ఖర్జూరాలో, ఒక గ్లాసు నీళ్లు. చాయ్ అలవాటున్నవాళ్లు తాగండి, లేనివాళ్లు ఆ రోజే మొదలుపెట్టకండి. పోటీ ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా కంగారు పడొద్దు, దానికి ముందు రెండు రాత్రులు బాగా పడుకున్నారా లేదా అన్నదే ముఖ్యం.

ఆ పొద్దు

గంట ముందే చేరండి. రౌండు ఒకసారి నెమ్మదిగా తిరిగి రాత్రి ఏమైనా మారిందేమో చూడండి. తర్వాత ఇరవై నిమిషాల వార్మప్: పది నిమిషాలు తేలిక, మూడు నిమిషాలు క్రమంగా పెంచుతూ, నిమిషం పోటీ వేగంలో రెండుసార్లు, మిగతాది తేలిక. పోటీ ఎంత చిన్నదైతే వార్మప్ అంత ముఖ్యం. సుదూర రైడులో దారిలోనే ఒళ్లు వేడెక్కుతుంది, ఇక్కడ ఆ వ్యవధి లేదు. చివరి చెమట ఆరకముందే, స్టార్టుకు ఐదు నిమిషాల ముందు గీత దగ్గరికి రండి. పేరు పిలిచేదాకా స్వెటరు విప్పకండి.

మధ్య గేరులో పెట్టుకోండి. వెనక సీటు పట్టుకునేవాళ్లుంటే రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టి, బలమైన కాలు గడియారంలో రెండు గంటల చోట ఉంచండి. లేచి పది పదిహేను తొక్కులు తొక్కి, కూర్చుని, ఊపిరి సర్దుకోండి.

ముందున్నవాణ్ణి అందుకుంటే కుడి వైపు నుంచి "అన్నా, కుడిపక్క!" అని చెప్పి, మధ్యలో కొంత దూరం ఉంచి దాటిపోండి. మిమ్మల్ని ఎవరైనా దాటితే వాళ్ల వెనక చేరి గాలి తప్పించుకోవద్దు. అంతర్జాతీయ నియమాల్లో ఇలాంటప్పుడు పక్కకు 2 మీటర్లు, వెనక 25 మీటర్ల ఎడం ఉండాలంటారు. పార్కులో 2 మీటర్లు దొరకడం కష్టమే, 25 మీటర్ల మాట మాత్రం పాటించవచ్చు.

రౌండ్ల లెక్క మీ బుర్రకు వదలకండి, గుండె 180లో కొట్టుకుంటుంటే ఎనిమిది దాకా లెక్కపెట్టడం మనిషి వల్ల కాదు. గీత దగ్గర ఒక నేస్తాన్ని నిలబెట్టి మిగిలినవి ఎన్నో అరవమనండి. తొక్కినవి ఎన్నో కాదు, మిగిలినవి ఎన్నో. నాకు అర్థం కావడానికి ఒక పోటీ పట్టింది.

గడియారం మీ చేతిలో ఉంటే

నిర్వహణ కూడా మీదే అయితే స్టాప్‌వాచీలతో కుస్తీ పట్టకండి. రెండు ఫోన్లు నెట్‌వర్క్ సమయం చూపేలా పెట్టి, ఒకరు బయల్దేరిన గడియను, ఒకరు చేరిన గడియను కాగితం మీద రాయాలి. మొదటివాడు సరిగ్గా 6:30:00కు, రెండోవాడు 6:31:00కు. ఎవరైనా రాకపోతే ఆ నిమిషం ఖాళీగా పోవాలి, తర్వాతివాళ్లను ముందుకు జరపొద్దు. చేరిన సమయంలోంచి బయల్దేరిన సమయం తీసేస్తే అయిపోయింది. ప్రతి రౌండు సమయం కూడా ఇంకొకరితో రాయించండి. ఒకేసారి రౌండు మీద ఆరుగురికి మించి ఉంటే లెక్క తప్పుతుంది, గుంపులుగా విడగొట్టండి. హెల్మెట్ లేనివాళ్లకు నంబరు ఇవ్వకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే.

తొక్కడం అయ్యాక పది నిమిషాలు చిన్న గేరులో తిరగండి, వెంటనే కూలబడితే తల తిరుగుతుంది. తర్వాత మీ ఎనిమిది రౌండ్ల సమయాలు నోటు పుస్తకంలోకి ఎక్కించండి. రెండు నుంచి ఏడు రౌండ్ల మధ్య తేడా నాలుగు సెకన్ల లోపుంటే మీ పేసింగ్ (వేగాన్ని రౌండ్లన్నిటికీ సమంగా పంచుకోవడం) బాగున్నట్టే, వచ్చేసారికి బలం మీద పనిచేయండి. క్రమంగా పెరుగుతూ పోతే మొదట్లో తొందరపడ్డారు. ఒక్క రౌండే ఎగిరిపడితే అక్కడ ఎవరు అడ్డొచ్చారో, ఏ మలుపు చెడిందో మరిచిపోకముందే పక్కన రాసిపెట్టండి. పొద్దున ఎనిమిది గంటలు దాటితే పార్కులోకి పిల్లల చిన్న సైకిళ్లొచ్చేస్తాయి, ఆలోగా కోన్లు తీసి, సుద్ద గీతలు చెరిపి, తాగి పడేసిన బాటిళ్లు ఏరాలి. సర్వపిండి డబ్బా విప్పేది ఆ తర్వాతే.